తుపాకీ పట్టనివాళ్ల మీద తీవ్రవాద చట్టం

2017 ఏప్రిల్ 20న రష్యా సుప్రీంకోర్టు యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖ సంస్థపై తీవ్రవాద ముద్ర వేసింది. సెయింట్ పీటర్స్‌బర్గ్ దగ్గరున్న వాళ్ల కేంద్ర కార్యాలయంతో పాటు 395 స్థానిక సంఘాలు రద్దయ్యాయి. ఆస్తులు ప్రభుత్వపరం. అప్పటికి ఆ దేశంలో వాళ్లు సుమారు 1,75,000 మంది. జైలుకైనా వెళ్తారు గానీ సైన్యంలో చేరి తుపాకీ పట్టరు. అలాంటివాళ్లు తీవ్రవాదులు ఎలా అయ్యారో తెలియాలంటే స్టాలిన్ కాలం నుంచి మొదలుపెట్టాలి.

రెండో ప్రపంచ యుద్ధం తొలి రోజుల్లో పశ్చిమ ఉక్రెయిన్, మాల్డోవా, బాల్టిక్ దేశాలను సోవియట్ యూనియన్ కలిపేసుకుంది. ఆ నేలతో పాటు అక్కడి యెహోవా సాక్షులూ మాస్కో పాలన కిందికి వచ్చారు. ఓటు వేయరు, పార్టీలో చేరరు, పైగా వాళ్ల అంతర్జాతీయ కేంద్రం అమెరికాలో. అనుమానించడానికి అంతకన్నా ఏం కావాలి? హిట్లర్ జర్మనీ కూడా వీళ్లను క్యాంపుల్లో వేసి, బట్టల మీద ఊదారంగు త్రికోణం కుట్టించింది. ఆ మాట స్టాలిన్ పోలీసులకు పట్టలేదు.

1951 ఫిబ్రవరిలో భద్రతా మంత్రి అబకుమోవ్ స్టాలిన్‌కు ఒక నోట్ పంపాడు. అందులో తరలించాల్సినవాళ్ల లెక్క 8,576 మంది. ఏప్రిల్ రాగానే రాత్రివేళ తలుపులు తట్టారు. సామాన్లు సర్దుకోవడానికి గంటో రెండు గంటలో ఇచ్చారు. విశ్వాసం వదులుకుంటున్నానని కాగితం మీద సంతకం పెడితే ఇంట్లోనే ఉండిపోవచ్చన్నారు. పెట్టనివాళ్లను పిల్లాజెల్లాతో సహా గూడ్స్ బండ్లెక్కించి సైబీరియాలోని తోమ్స్క్, ఇర్కూట్స్క్ ప్రాంతాలకు పంపేశారు. 1965లో ఈ ప్రవాస శిక్ష ఎత్తేశారు. పోయిన ఇళ్లు మాత్రం తిరిగి రాలేదు.

సోవియట్ చివరి రోజుల్లో గాలి మారింది. 1991 మార్చిలో వాళ్ల సంస్థకు అధికారిక రిజిస్ట్రేషన్ దొరికింది. మతం పేరుతో హింస అనుభవించినవాళ్లు నిర్దోషులంటూ 1996లో యెల్సిన్ డిక్రీ ఇచ్చాడు. కానీ ఏడాది తిరిగేసరికి వచ్చిన కొత్త మత చట్టం రష్యా చరిత్రలో ఆర్థడాక్స్ చర్చికి ప్రత్యేక స్థానం ఉందని పీఠికలోనే రాసుకుంది. బయటి నుంచి వచ్చి ఇల్లిల్లూ తిరిగి ప్రచారం చేసేవాళ్ల మీద చూపు ఎలా ఉండబోతోందో అక్కడే తెలిసిపోయింది.

అసలు ఆయుధం 2002లో తయారైంది. చెచెన్యా యుద్ధం, బాంబు పేలుళ్ల టెన్షన్ మధ్య తీవ్రవాద నిరోధక చట్టం తెచ్చారు. మతం ఆధారంగా 'మేమే ప్రత్యేకం, మేమే గొప్ప' అని ప్రచారం చేయడం కూడా ఆ చట్టం ప్రకారం తీవ్రవాదమే. హింసతో సంబంధం ఉండాలన్న షరతు లేదు. చట్టాలపై సలహాలిచ్చే ఐరోపా నిపుణుల సంఘం వెనిస్ కమిషన్ 2012లో సరిగ్గా ఇదే తప్పు పట్టింది. తన దారే నిజమైన దారి అనని మతం ఎక్కడుంది? ఈ లెక్కన పోలీసులు ఎవరిని కావాలంటే వాళ్లను లోపలేయొచ్చు.

ఈ చట్టం కిందే 2009లో రష్యాలోని టగన్‌రోగ్ నగరంలో యెహోవా సాక్షుల స్థానిక సంఘాన్ని రద్దు చేసి, వాళ్ల 34 ప్రచురణలను నిషేధించారు. 2015లో సఖాలిన్ దీవి కోర్టొకటి ఖురాన్ వచనాలున్న పుస్తకాన్ని నిషేధిస్తే చెచెన్ నేత కదిరోవ్ మండిపడ్డాడు. వెంటనే బైబిల్, ఖురాన్‌లాంటి గ్రంథాలను తీవ్రవాద సాహిత్యంగా ప్రకటించకూడదని చట్టం చేశారు. అయినా 2017 ఆగస్టులో వీబోర్గ్ కోర్టు యెహోవా సాక్షుల బైబిల్ అనువాదాన్ని నిషేధించింది. అదెలా అంటే, అది అసలు బైబిలే కాదట!

దేశవ్యాప్త నిషేధం వచ్చాక మొదటి దెబ్బ ఈ మతానికే చెందిన ఒక డెన్మార్క్ వడ్రంగి మీద పడింది. 2017 మే నెలలో ఓర్యోల్ పట్టణంలో కొంతమంది కూర్చుని బైబిల్ చదువుకుంటుంటే సాయుధ పోలీసులు వచ్చిపడ్డారు. రష్యా అమ్మాయిని పెళ్లాడి అక్కడే స్థిరపడిన ఆయనకు 2019లో ఆరేళ్ల జైలు శిక్ష పడింది. 2022లో విడుదల చేసి దేశం నుంచి పంపేశారు.

ఇదే మతంవాళ్ల కేసు మన సుప్రీంకోర్టుకూ వచ్చింది. కేరళలో ముగ్గురు పిల్లలు జాతీయ గీతానికి లేచి నిలబడ్డారు గానీ పాడలేదని బడి నుంచి తీసేశారు. నిలబడటమే గౌరవం, పాడమని బలవంతం చేయడం కుదరదని 1986లో తీర్పు రాసింది మన తెలుగువాడు, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి.

రష్యా ప్రభుత్వ వాదన వేరు. నిషేధించింది సంస్థనే, విశ్వాసాన్ని కాదంటుంది. 2018 డిసెంబర్‌లో పుతిన్ కూడా వాళ్లూ క్రైస్తవులే కదా, ఎందుకు వేధిస్తున్నారో అర్థం కావట్లేదన్నాడు. కలిసి ప్రార్థన చేసుకోవడం దానంతటది నేరం కాదని 2021లో సుప్రీంకోర్టే వివరణ ఇచ్చింది. కింది కోర్టుల్లో మాత్రం నలుగురు ఒకచోట చేరి పాట పాడితే అది నిషేధిత సంస్థ కార్యకలాపమే.

2022 జూన్ 7న ఐరోపా మానవ హక్కుల కోర్టు నిషేధం చెల్లదంది. ఖైదీలను వదిలేయమని, 6 కోట్ల యూరోలకు పైగా పరిహారం కట్టమని ఆదేశించింది. అప్పటికే ఉక్రెయిన్ యుద్ధంతో, ఆ కోర్టు ఏ కూటమిదో ఆ కౌన్సిల్ ఆఫ్ యూరప్ నుంచి బయటికి పోయిన రష్యా పట్టించుకోలేదు. మార్చి 15 తర్వాత వచ్చిన ఆ కోర్టు తీర్పులేవీ అమలు చేయబోమనే చట్టంపై నాలుగు రోజులకే పుతిన్ సంతకం పెట్టాడు. నిషేధం వచ్చాక ఇప్పటిదాకా 800 మందికి పైగా విశ్వాసుల మీద క్రిమినల్ కేసులు పెట్టారు. కొందరికి ఎనిమిదేళ్ల దాకా జైలు శిక్ష పడింది.