దగ్గుకో డాక్టరు, నడుముకో డాక్టరు: అపోహలు - వాస్తవాలు

అపోహ: "దగ్గీ దగ్గీ నడుం పట్టేసింది డాక్టరుగారూ, దగ్గు తగ్గితే అదే పోతుంది."

వాస్తవం: చాలాసార్లు నిజమే. అందుకే ఇది మిగతా అపోహలన్నిటికంటే ప్రమాదం. దగ్గుకు వీపు కండరాలు, పక్కటెముకల మధ్య కండరాలు పట్టేస్తాయి. ఎముకలు పలచబడ్డ పెద్దవాళ్లకైతే పక్కటెముక చిట్లడమూ ఉంది. వైరల్ జలుబు తర్వాత దగ్గు రెండుమూడు వారాలు సాగడం మామూలే. దాంతోపాటే నొప్పీ తగ్గుముఖం పట్టాలి. పట్టకపోతే?

సిరప్ మారుస్తారు, నొప్పి బిళ్ల మారుస్తారు. ఒకావిడ నా దగ్గరికి రెండు ఫైళ్లతో వచ్చారు. ఒకదాన్నిండా దగ్గు మందులు, రెండోదాన్నిండా నొప్పి మాత్రలు, బెల్టు, ఫిజియోథెరపీ. రోజూ సాయంత్రం ఒళ్లు వెచ్చబడుతున్న సంగతి రెండిట్లోనూ లేదు. ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. వెన్నుపూసల్ని ఒక్కొక్కటిగా వేలితో నొక్కుకుంటూ వస్తే ఒకచోట ఉలిక్కిపడ్డారు. పక్కనే కండరం నొక్కితే మాత్రం ఏమీ లేదు. కళ్లె పరీక్షలో టీబీ తేలింది. ఎమ్మారైలో వెన్నుపూసలోనూ అదే కనిపించింది. ఊపిరితిత్తుల టీబీకి మామూలుగా 6 నెలల మందులు, వెన్నుకు పాకితే అంతకంటే ఎక్కువ కాలం. మందులకు లొంగే జబ్బే, తీరా ఆలస్యమైతే కాళ్లు పడిపోతాయి.

అన్నట్టు, "ఫలానా యాంటీబయాటిక్ వేసుకో, నాకు తగ్గింది" అని సలహాలిచ్చేవాళ్లకో మాట. లీవోఫ్లాక్సాసిన్ లాంటివి టీబీ క్రిమి మీదా కొంత పనిచేస్తాయి. నాలుగు రోజులు హాయిగా ఉంటుంది, ఈలోగా జబ్బు మరుగున పడి పరీక్షకు దొరకదు. దయచేసి ఊరుకోండి.

అపోహ: "నెట్‌లో చూశాను, ఇది క్యాన్సరే."

రాత్రంతా నిద్రపోకుండా వచ్చేవాళ్లను చూస్తే జాలేస్తుంది. విడవని దగ్గుకు ఎక్కువగా కారణమయ్యేవి ఆస్తమా, ముక్కు వెనక నుంచి గొంతులోకి కారే చీమిడి, ఆసిడ్ రిఫ్లక్స్ (కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్నడం). రామిప్రిల్ లాంటి బీపీ బిళ్లలతోనూ పొడిదగ్గు వస్తుంది (మీ అంతట మీరు మానేయకండి, డాక్టరు మారుస్తారు). అయితే పొగతాగే అలవాటుండి, బరువు తగ్గుతూ, కళ్లెలో రక్తం పడుతూ, రాత్రి పడుకున్నా నొప్పి తగ్గకపోతే స్కాన్ వాయిదా వేయొద్దు.

అపోహ: "నిమ్ము చేరితే ఛాతీలోనే నొప్పి రావాలి."

ఊపిరితిత్తికి నొప్పి తెలీదు, దాని చుట్టూ ఉన్న పొరకు తెలుస్తుంది. వాపు వెనకవైపు పొరను తాకితే, ఊపిరి పీల్చినప్పుడల్లా వీపులో పొడుస్తుంది.

అపోహ: "ఎక్స్‌రే బాగుంది, ఇక భయం లేదు."

ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టినా, వెన్ను టీబీ మొదట్లో ఉన్నా ఎక్స్‌రే మామూలుగానే ఉండొచ్చు.

డాక్టరు దగ్గర దగ్గునూ నొప్పినీ కలిపే చెప్పండి, ఏది ముందొచ్చిందో కూడా. ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, కాళ్లు తిమ్మిరెక్కి పట్టు తప్పుతున్నా, మూత్రం మీద అదుపు పోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.