ఏ ఖాతా నుంచి వచ్చిందో ఆ ఖాతాకే! కరోనా రిఫండ్ల తగవు ఎక్కడ ముదిరింది?

లాక్‌డౌన్‌లో రద్దయిన ప్రయాణాల డబ్బు నాలుగేళ్ల తర్వాత మళ్లీ వార్తల్లోకి వచ్చింది. రద్దయిన విమాన టికెట్ల విషయంలో యాత్రా ఆన్‌లైన్ సంస్థ ఇంకా బాకీ ఉన్న సొమ్మును త్వరగా తేల్చాలని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, అంటే సీసీపీఏ, 2024 జూన్ 27న ఆదేశించింది. 2021లో ఆ బుకింగ్ వేదిక దగ్గర 36,276 బుకింగులకు సంబంధించి 26 కోట్ల 25 లక్షల రూపాయలకు పైగా పెండింగ్‌లో ఉండేది. 2024 జూన్ 21 నాటికి 4,837 బుకింగులు, రెండున్నర కోట్లకు కాస్త పైన సొమ్ము మిగిలాయి. ఆ మిగిలినవాళ్లకు ఫోన్ చేసి డబ్బు వస్తుందని చెప్పడానికి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ప్రత్యేకంగా ఐదు సీట్లు ఏర్పాటు చేయాలని, ఆ ఖర్చు యాత్రాయే భరించాలని కూడా ఆదేశంలో ఉంది. రావాల్సిన డబ్బు కోసం జనం హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయడం చూశాం గానీ, ఇవ్వాల్సిన డబ్బు కోసం హెల్ప్‌లైనే జనానికి ఫోన్ చేయాల్సి రావడం విడ్డూరమే.

లాక్‌డౌన్ ఎలా వచ్చిందో, విమానాలు ఎప్పుడు ఆగాయో మళ్లీ చెప్పుకోనక్కర్లేదు. ఈ వార్త చదివినవాళ్లకు తట్టే ప్రశ్నలు రెండు. సుప్రీంకోర్టు 2020లోనే తేల్చిన డబ్బు 2024 దాకా మధ్యలో ఎలా ఆగిపోయింది? టికెట్‌తో పాటు బుక్ చేసుకున్న హోటల్ గది డబ్బు సంగతి ఏమిటి? రెండింటికీ జవాబు వెతుకుతూ పోతే 2020 అక్టోబర్ 1 నాటి తీర్పులోని ఒక వాక్యం దగ్గరికే చేరతాం.

ఆ తీర్పు ప్రవాసీ లీగల్ సెల్ అనే స్వచ్ఛంద సంస్థ వేసిన పిటిషన్‌పై వచ్చింది. జస్టిస్ అశోక్ భూషణ్, తెలంగాణకు చెందిన జస్టిస్ ఆర్. సుభాష్‌రెడ్డి, జస్టిస్ ఎం.ఆర్. షా ధర్మాసనం ఇచ్చింది. లాక్‌డౌన్ సమయంలోనే బుక్ చేసి, ఆ లాక్‌డౌన్‌లోనే ప్రయాణించాల్సిన టికెట్లకు వెంటనే పూర్తి డబ్బు ఇవ్వాలని చెప్పింది. మిగతా వాటికి పదిహేను రోజుల్లో చెల్లించాలి. చేతిలో డబ్బు ఆడడం లేదనుకునే విమాన సంస్థలు మాత్రం ఆ మొత్తాన్ని 'క్రెడిట్ షెల్'గా, అంటే తర్వాతి ప్రయాణానికి వాడుకునే జమగా ఉంచుకోవచ్చు, 2021 మార్చి 31 దాకా. 2020 జూన్ 30 వరకు నెలకు అర శాతం, ఆ తర్వాత ముప్పావు శాతం చొప్పున దాని విలువ పెంచాలి. పదివేల టికెట్ మీద నెలకు 75 రూపాయలన్నమాట. ఏ బ్యాంకూ ఇంత తేలిగ్గా, హామీ లేకుండా విమాన సంస్థలకు అప్పు ఇచ్చి ఉండదు. ఆ అప్పు ఇచ్చింది సెలవులకు ఊరెళ్దామనుకున్న జనం, అదీ వాళ్లను అడగకుండానే.

అసలు మెలిక ఆ తర్వాత ఉంది. ఏజెంటు ద్వారా కొన్న టికెట్‌కు క్రెడిట్ షెల్ ప్రయాణికుడి పేరు మీదే ఉంటుంది, కానీ వాడుకోవాలంటే ఆ ఏజెంటు ద్వారానే వాడుకోవాలి. మార్చి 31 లోపు వాడకపోతే, విమాన సంస్థకు డబ్బు ఏ ఖాతా నుంచి వచ్చిందో ఆ ఖాతాకే తిరిగి వెళ్లాలి. చూడ్డానికి న్యాయంగానే ఉంది. కాకపోతే ఏజెంటు ద్వారానో, బుకింగ్ యాప్‌లోనో కొన్నప్పుడు విమాన సంస్థకు డబ్బు చేరేది ప్రయాణికుడి ఖాతా నుంచి కాదు, మధ్యవర్తి ఖాతా నుంచి. కాబట్టి తిరిగి వచ్చేదీ అక్కడికే. ఏజెంటు వెంటనే ప్రయాణికుడికి అందజేయాలని కోర్టు అన్నది నిజమే. ఏజెంటు అందజేశాడో లేదో ఎవరు చూడాలి? విమాన సంస్థల మీద పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఉంది. బుకింగ్ వేదికల మీద అలాంటి పెద్ద దిక్కు ఎవరూ లేరు.

అంతకు ఐదున్నర నెలల ముందు, 2020 ఏప్రిల్ 16న, పౌర విమానయాన శాఖ ఒక మెమోరాండం ఇచ్చింది. మొదటి లాక్‌డౌన్ రోజుల్లో, అంటే మార్చి 25 నుంచి ఏప్రిల్ 14 మధ్య, బుక్ చేసి మే 3 లోపు ప్రయాణించాల్సిన వాళ్లకు మాత్రమే మూడు వారాల్లో పూర్తి డబ్బు ఇవ్వాలన్నది దాని సారం. జనవరిలోనో ఫిబ్రవరిలోనో వేసవి సెలవుల కోసం ముందుచూపుతో టికెట్ కొన్న కుటుంబానికి అందులో చోటు లేదు. దేశమంతా తలుపులు వేసుకున్నాక టికెట్ కొన్నవాడికి వాపసు, బుద్ధిగా ముందే కొన్నవాడికి క్రెడిట్ షెల్! ఆ మెమోరాండంలోని వింతే కేసును సుప్రీంకోర్టు దాకా లాగింది.

ఏజెంట్ల మాటా వినాలి. చిన్న ఊళ్లలో ట్రావెల్స్ నడిపేవాళ్లు చవక విమాన సంస్థల దగ్గర ముందే డబ్బు డిపాజిట్ చేసి, ఆ వాలెట్ నుంచి టికెట్లు తీస్తారు. రద్దయినప్పుడు ఆ డబ్బు వాలెట్‌లోకో, క్రెడిట్ షెల్‌లోకో పోయింది తప్ప వాళ్ల చేతికి నోట్లు రాలేదు. 'మా డబ్బూ అక్కడే ఇరుక్కుంది' అన్న వాళ్ల మొర అబద్ధం కాదు. కానీ దేశమంతా ప్రకటనలు ఇచ్చుకునే వేదికలకూ, బస్టాండు ఎదురుగా చిన్న గదిలో కూర్చునే ఏజెంటుకూ ఒకే సాకు వర్తించదు. మేక్‌మైట్రిప్, ఈజ్‌మైట్రిప్, క్లియర్‌ట్రిప్, ఇక్సిగో, థామస్ కుక్ మొత్తం చెల్లించేశాయని సీసీపీఏ చెప్పింది. వాళ్లకు సాధ్యమైనప్పుడు మిగిలినవాళ్లకు ఎందుకు కాలేదన్నది మామూలు ప్రశ్నే.

ఆ సీసీపీఏ కూడా కరోనా ఏడాదిలోనే పుట్టింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై 20న అమల్లోకి వచ్చింది, నాలుగు రోజులకు ఈ సంస్థ ఏర్పడింది. ఎవరి ఫిర్యాదు వాళ్లు మోసుకుని వినియోగదారుల కమిషన్ చుట్టూ తిరగకుండా, ఒకే రకంగా నష్టపోయిన అందరి తరఫునా చర్య తీసుకునే అధికారం దీనికి ఉంది. హెల్ప్‌లైన్‌కు వచ్చిన ఫిర్యాదులు చూసి యాత్రాకు 2021 మార్చి 9న షోకాజ్ నోటీసు ఇచ్చింది. 2021 జులై 8 నుంచి 2024 జూన్ 25 దాకా విచారణలు నడిచాయి. బాకీ తగ్గుతూ వచ్చింది కాబట్టి ఈ పద్ధతి పనిచేసిందనే చెప్పాలి. మూడేళ్లు పట్టింది కాబట్టి ఎంత బాగా పనిచేసిందో చెప్పడం కష్టం.

ఇక హోటల్ గది. విమానానికి మెమోరాండం ఉంది, తీర్పు ఉంది, సీసీపీఏ ఉంది. ఊటీ, కొడైకెనాల్, గోవా, మనాలి గదులకు ఇవేవీ లేవు. 2020 అక్టోబర్ తీర్పు విమాన ఛార్జీల గురించే మాట్లాడింది. గదికి కట్టిన అడ్వాన్సు హోటల్‌కూ అతిథికీ మధ్య ప్రైవేటు ఒప్పందంగా మిగిలిపోయింది. డబ్బు పోయిన దారి మాత్రం విమాన టికెట్‌లాంటిదే. అతిథి నుంచి యాప్‌కి, యాప్ నుంచి హోటల్‌కి. ఫోన్ చేస్తే యాప్ వాళ్లు హోటల్‌ను అడగమన్నారు, హోటల్ వాళ్లు యాప్‌ను అడగమన్నారు. చాలామందికి ఇది కొత్త సంగతేమీ కాదు.

హోటళ్ల వాదనకు ఒక ఆధారం దొరికింది. 2020 మార్చి 24న కేంద్ర హోంశాఖ ఇచ్చిన లాక్‌డౌన్ మార్గదర్శకాలు ఆతిథ్య సేవలను ఆపమన్నాయి. కానీ చిక్కుకుపోయిన పర్యాటకులు, వైద్య సిబ్బంది, విమాన, ఓడ సిబ్బంది ఉంటున్న హోటళ్లకు, లాడ్జిలకు, క్వారంటైన్ కేంద్రాలకు మినహాయింపు ఇచ్చాయి. దాన్ని పట్టుకుని 'మేం తెరిచే ఉన్నాం, మీరే రాలేదు' అన్నవాళ్లున్నారు. రైలు లేదు, బస్సు లేదు, విమానం లేదు, సొంత కారులో బయల్దేరితే సరిహద్దులో పోలీసులు ఆపేస్తారు. రాలేదనడం ఎంత సమంజసమో వాళ్లకే తెలియాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 56వ సెక్షన్ ప్రకారం అమలు చేయడం అసాధ్యమైన ఒప్పందం చెల్లదు. చెల్లకుండా పోయిన ఒప్పందం కింద లాభం పొందినవాళ్లు దాన్ని తిరిగి ఇవ్వాలని 65వ సెక్షన్ అంటుంది. నూట యాభై ఏళ్ల నాటి ఈ రెండు సెక్షన్లే అతిథి చేతిలో ఉన్న ఆయుధాలు. నాలుగు వేల రూపాయల గది కోసం లాయర్‌ను పెట్టుకుని వాటిని వాడేదెవరు?

దాంతో రాజీ పేరుతో వోచర్ వచ్చింది. 'డబ్బు ఇవ్వలేం, ఏడాదిలోపు ఎప్పుడైనా వచ్చి ఉండండి' అన్నారు. 2020 వేసవిలో ఇది మర్యాదగానే అనిపించింది. ఆ ఏడాది ముగిసే సమయానికి, సరిగ్గా 2021 వేసవిలో, రెండో వేవ్ విరుచుకుపడింది. ఆంధ్రప్రదేశ్‌లో మే 5 నుంచి పగటి కర్ఫ్యూ, తెలంగాణలో మే 12 నుంచి లాక్‌డౌన్. ఆక్సిజన్ సిలిండర్ కోసం పరుగెత్తుతున్న ఇంట్లో రిసార్ట్ వోచర్ గడువు ఎవరికి గుర్తుంటుంది? గడువు పెంచినవాళ్లు పెంచారు, లేనివాళ్లు 'ఎక్స్‌పైర్ అయింది' అన్నారు. పెంచినచోట కూడా గది రేటు మారిందంటూ తేడా కట్టమనేవాళ్లున్నారు.

ఇదే సమయంలో బ్రిటన్ మరో దారి పట్టింది. అక్కడి పోటీ, మార్కెట్ల నియంత్రణ సంస్థ 2020 ఏప్రిల్ 30న, సెలవు విడిది బుకింగుల రద్దును పేరు పెట్టి తన పరిశీలనలోకి తీసుకుంది. హోసీజన్స్, కాటేజెస్ డాట్ కామ్ నడిపే వెకేషన్ రెంటల్స్ సంస్థ జూన్‌లోనే, వోచర్ వద్దన్నవాళ్లకు పూర్తి డబ్బు ఇస్తామని రాసిచ్చింది. జులైలో సైక్స్ కాటేజెస్ కూడా అదే బాట పట్టింది. అక్కడ చట్టం మరీ గొప్పదేమీ కాదు, గదుల డబ్బు కూడా తమ పనేనని ఒక సంస్థ ముందుకొచ్చింది, అంతే.

ఇళ్లను అతిథులకు అద్దెకిప్పించే వేదిక ఎయిర్‌బీఎన్‌బీ అయితే 2020 మార్చి 14నే, అప్పటికే చేసుకున్న దగ్గరి తేదీల బుకింగులకు పూర్తి డబ్బు ఇస్తానంది. ఇళ్ల యజమానులు తమనెవరూ అడగలేదని మండిపడ్డారు. నెలాఖరుకు సంస్థ వాళ్ల కోసం 25 కోట్ల డాలర్లు పక్కన పెట్టి, వాళ్ల రద్దు నిబంధనల కింద రావాల్సిన దాంట్లో నాలుగో వంతు ఇచ్చింది. అతిథికి డబ్బు ఇస్తే ఆ నష్టం ఎవరో ఒకరి మీద పడుతుందన్న నిజాన్ని అక్కడ కనీసం బాహాటంగా ఒప్పుకున్నారు. మన దగ్గర ఆ నష్టాన్ని చప్పుడు లేకుండా అతిథి ఖాతాలో రాసేశారు.

మధ్యలో ఎవరూ లేనిచోట గొడవ పెద్దగా రాలేదు. రైల్వే రద్దు చేసిన రైళ్ల ఈ-టికెట్ల డబ్బు కట్టినవాళ్ల ఖాతాకే వెళ్లింది. కౌంటర్ టికెట్లకు గడువు నెలల తరబడి పొడిగించారు. 2020 మార్చి 20 నుంచి దర్శనాలు ఆపిన టీటీడీ, ఆన్‌లైన్‌లో ముందే తీసుకున్న సేవా టికెట్లకూ గదులకూ డబ్బు తిరిగి ఇస్తామని ప్రకటించింది. కొండ మీద గది కాషన్ డిపాజిట్ గురించి భక్తుల ఫిర్యాదులు వేరే కథ. కానీ డబ్బు ఎవరి దగ్గరుందో అందరికీ తెలుసు.

ఇప్పుడు ఫిర్యాదు చేసే దారి ఉందా? హెల్ప్‌లైన్ నంబరు 1915. కొత్త చట్టం వచ్చాక గోవా రిసార్ట్ మీద హైదరాబాద్‌లోనో విజయవాడలోనో, తాము ఉంటున్న ఊళ్లోని జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. ఐదు లక్షల లోపు లావాదేవీలకు ఫీజు లేదు. చిక్కంతా గడువుతోనే. ఆ చట్టంలోని 69వ సెక్షన్ ప్రకారం రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. కరోనా వల్ల 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా కాలాన్ని లెక్కలోంచి తీసేయాలని సుప్రీంకోర్టు చెప్పింది. అలా చూసినా 2020 వేసవి బుకింగుల గడువు 2024 ఫిబ్రవరితో అయిపోయినట్టే. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు. వోచర్‌ను కాదన్న రోజు నుంచి లెక్క మొదలవ్వాలనీ వాదించవచ్చు. సీసీపీఏ ఫోన్ చేయించాలన్న 4,837 బుకింగులు విమాన టికెట్లవి. హోటల్ గదుల బాకీ ఎంతో చెప్పే అలాంటి జాబితా తయారు చేయమని, తెలిసినంతవరకు, ఏ సంస్థా ఎవరికీ నోటీసు ఇవ్వలేదు.