అది ఫేక్ వీడియో కాదురా చిన్నూ

చిన్నూకీ అమ్ములుకీ ఇంకా మీ కింద ఫ్లాట్ పిల్లలందరికీ తాతయ్య ముద్దులు.

మొన్న పాత ఫోన్‌లో దొరికిన క్లిప్ పంపిస్తే చిన్నూగాడు "తాతయ్యా ఇది ఫేక్, చుట్టూ పచ్చగడ్డి ఉంటే స్కీలు వేసుకుని ఎలా దూకుతారు, ఎవరో కంప్యూటర్‌లో చేసారు" అన్నాడు కదా, అప్పుడు స్కూల్ బస్ వచ్చేసింది, చెప్పడానికి కుదరలేదు. అందుకే ఈ ఉత్తరం, ఆదివారం తీరిగ్గా చదువుకోండి. స్కీలంటే మంచు మీద జారడానికి కాళ్ళకి కట్టుకునే పొడుగాటి పలకలు కదా, అందుకే చిన్నూకి అనుమానం. కానీ అది ఫేక్ కాదురా, నా రెండు కళ్ళతో చూసిందే. 2018 జులై ఆఖర్లో నేనూ మీ నాన్నమ్మా జర్మనీలో మీ అత్త దగ్గర ఉన్నాం, ఫ్రైబుర్గ్ నుంచి రైలెక్కితే అది లోయలోంచి సొరంగాల్లోంచి కొండ మీదకి ఎక్కుతుంది, అచ్చం మన అరకు రైలే అనుకోండి, పైన హింటర్‌జార్టెన్ అని చిన్న ఊరు వస్తుంది. ఆ ఊళ్ళో కొండ వాలు మీద స్కీ జంప్ కట్టారు, అంటే పై నుంచి స్కీల మీద జారుకుంటూ వచ్చి అంచు దగ్గర గాల్లోకి ఎగిరి కింద వాలు మీద దిగడానికి కట్టిన కట్టడం. అక్కడే సమ్మర్ గ్రాండ్ ప్రీ అని, వేసవిలో జరిగే అంతర్జాతీయ స్కీ జంపింగ్ పోటీ చూసాం.

ముందు మంచు సంగతి చెప్తా. 1954లో తూర్పు జర్మనీలో హాన్స్ రెన్నర్ అనే కోచ్, మంచు లేని నెలల్లో కూడా తన కుర్రాళ్ళు దూకాలి కదా అని ఆలోచించి ప్లాస్టిక్ పరుపు కనిపెట్టాడు. పరుపు అంటే మెత్తగా ఉంటుందనుకునేరు, కాదు, సన్నటి పొడుగాటి ప్లాస్టిక్ పీచు, చీపురు పుల్లల్లా ఉంటుంది, దాన్ని కట్టలు కట్టలుగా కింది వరస మీద పై వరస వచ్చేలా పరుస్తారు. మన అమలాపురం వైపు తాటాకింటి కప్పు ఎలా నేస్తారో చూసారుగా, చూరు దగ్గర మొదలుపెట్టి పైకి ఒకదాని మీద ఒకటి, సరిగ్గా అదే పద్ధతి, వాన నీళ్ళు జారినట్టే స్కీలూ జారతాయి. రంగు పచ్చగా ఉంటుంది కాబట్టి దూరం నుంచి గడ్డిలా కనిపిస్తుంది, చిన్నూ మోసపోయింది అక్కడే. పోటీకి ముందు దాని మీద నీళ్ళు చల్లి బాగా తడుపుతారు, పొడిగా ఉంటే స్కీ పట్టేసుకుంటుంది. పై నుంచి జారుకుంటూ వచ్చే రెండు గాడులు ఉంటాయి కదా, వేసవిలో వాటి అడుగున పింగాణీ ఉంటుంది, దాని మీద కూడా నీళ్ళు పారుతూనే ఉంటాయి. చలికాలంలో ఆ గాడుల్లోనే ఐస్ గడ్డకట్టిస్తారు.

ఇక దూకడం. జంపర్ పైన ఒక అడ్డబద్ద మీద కూర్చుంటాడు, పక్కన కోచ్‌ల మెట్టు మీంచి వాళ్ళ కోచ్ గాలి చూసి జెండా కిందకి ఊపుతాడు, జంపర్ బద్ద వదిలేస్తాడు అంతే, చేతిలో కర్రలు ఉండవు, బ్రేకులు ఉండవు, కింద అంచు దగ్గరకి వచ్చేసరికి స్పీడు గంటకి 85 కిలోమీటర్ల దాకా ఉంటుంది, హైవే మీద మన ఎక్స్‌ప్రెస్ బస్సు ఎంత పోతుందో అంత. ఆ అంచు పైకి లేచి ఉంటుందనుకుంటారు అందరూ, నేనూ అలాగే అనుకున్నా, కానీ అది కిందకే వాలి ఉంటుందిరా, పైకి తన్నుకునేది కాళ్ళతోనే, కన్ను మూసి తెరిచేంత టైం కూడా ఉండదు, తొందరపడ్డా ఆలస్యమైనా అయిపోయినట్టే. గాల్లోకి లేచాక స్కీల మీదకి ఒళ్ళంతా వాల్చేసి ముందు కొసలు విప్పి ఇంగ్లీషు వీ అక్షరంలా పెడతాడు. ఆ వీ మొదలుపెట్టింది స్వీడన్ ఆయన యాన్ బొక్లేవ్, అప్పట్లో స్కీలు జంటగా ఉంచడమే అందం అని జడ్జీలు మార్కులు కోసేసేవాళ్ళు, అయినా మానలేదు, 1989లో వరల్డ్ కప్ కొట్టేసాడు, ఆ తర్వాత అందరూ అదే పట్టుకున్నారు.

అంత దూరం నుంచి పడితే కాళ్ళు విరగవా అని అమ్ములు అడిగింది. మంచి ప్రశ్న తల్లీ. గోడ మీంచి నేల మీదకి దూకితే మోకాళ్ళు అదురుతాయి, అదే పార్కులో జారుడుబల్ల మీదకి, అది వాలే వైపుకే దూకావనుకో, ఒళ్ళు జారిపోతుంది తప్ప గుద్దుకోదు. కొండ వాలు కూడా వాళ్ళు ఎగిరే దారికి దగ్గరగా అలాగే కట్టి ఉంటుంది, నేల నుంచి మరీ ఎత్తులో ఏమీ ఉండరు. మరీ కిందదాకా ఎగిరిపోతేనే ప్రమాదం, అక్కడ వాలు తగ్గిపోయి చదును అయిపోతుంది.

మార్కులు కూడా చెప్తా, లెక్కలంటే చిన్నూకి ఇష్టం కదా. హింటర్‌జార్టెన్ కొండకి 95 మీటర్ల దగ్గర గీత ఉంటుంది, అక్కడ దిగితే 60 పాయింట్లు, దాటిన ప్రతి మీటరుకీ 2 కలుపుతారు, తగ్గితే 2 తీసేస్తారు. అంటే 101 మీటర్లు దూకితే 72. ఐదుగురు జడ్జీలు ఒక్కొక్కరు 20కి మార్కులు వేస్తారు, ఎక్కువది ఒకటీ తక్కువది ఒకటీ కొట్టేసి మిగతా మూడూ కలుపుతారు. దిగేటప్పుడు ఒక కాలు ముందుకి ఒక కాలు వెనక్కి పెట్టి మోకాళ్ళు వంచాలి, లేకపోతే కోత. ఇంకొకటుంది, ఎదురుగాలి వస్తే గాలిపటంలా లేపుతుంది కాబట్టి పాయింట్లు తగ్గిస్తారు, వెనక గాలి తోస్తే కలుపుతారు. ఈ గాలి లెక్క ముందు పరీక్షించి చూసింది 2009 వేసవి పోటీల్లోనే, తర్వాతే చలికాలానికి తీసుకెళ్ళారు.

అందుకే వేసవి సీజన్ ఏదో టైంపాస్ అంటే నాకు మనసొప్పదు. 1994లో మొదలైంది, వేసవి నుంచి అక్టోబర్ దాకా పోలండ్, ఫ్రాన్స్, ఆస్ట్రియా అలా ఊరూరా తిరుగుతుంది, నవంబర్‌లో చలికాలం వరల్డ్ కప్ మొదలయ్యేలోపు ఎవరి ఫామ్ ఏంటో తేలేది ఇక్కడే. ఆడపిల్లలకి వేసవి గ్రాండ్ ప్రీ 2012లో పెట్టారు, మొదటిసారే గెలిచింది జపాన్ పిల్ల సారా తకనాషి, అప్పటికి దానికి 15 ఏళ్ళు, అమ్ములూ విన్నావా! ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళని దూకనిచ్చింది 2014లోనే, అన్నేళ్ళు ఎందుకు ఆపారో తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపమే.

పోలండ్ కుర్రాడు డావిద్ కుబాట్స్కీ ఉన్నాడు, 2017 వేసవిలో తను దిగిన ఐదు పోటీలూ గెలిచాడు, చలికాలంలో మాత్రం జట్టుతో కాకుండా ఒంటరిగా ఒక్క వరల్డ్ కప్ పోటీ గెలవడానికి 2019 జనవరి దాకా ఆగాల్సొచ్చింది. తర్వాత రెండు నెలలు తిరక్కుండానే వరల్డ్ ఛాంపియన్‌షిప్‌లో మొదటి రౌండ్‌కి 27వ వాడు, రెండో రౌండ్ అయ్యాక మొదటివాడు! 2022 నవంబర్‌లో ఇంకో వింత జరిగింది, వాళ్ళ దేశంలోనే విస్వా అనే ఊళ్ళో చలికాలం వరల్డ్ కప్‌నే ప్లాస్టిక్ పరుపు మీద పెట్టారు, గాడుల్లో ఐస్, కింద ప్లాస్టిక్, అలా జరగడం అదే మొదటిసారి. అక్కడా కుబాట్స్కీయే, రెండు రోజులూ.

ఒక్క విషయం బాధ పెడుతుంది. బరువు తక్కువుంటే దూరం ఎగురుతారు కదా అని ఈ పిల్లలు తిండి మానేసేవాళ్ళు. ఇప్పుడు రూల్ పెట్టారు, ఎత్తుకి తగ్గ బరువు లేకపోతే స్కీల పొడవు తగ్గించేస్తారు, పొట్టి స్కీ మీద గాలి ఆనదు. చాలా మంచి రూల్.

హింటర్‌జార్టెన్‌లో పెద్ద జంప్ పక్కనే చిన్నపిల్లల జంపులు ఉంటాయి. ఆ ఊరి పోస్ట్‌మ్యాన్ గేయోర్గ్ టోమా, ఇదే జంపింగూ మంచులో స్కీ పరుగూ కలిపిన పోటీలో 1960 ఒలింపిక్స్ గోల్డ్ కొట్టాడు, అక్కడ పిల్లలు పుట్టడమే స్కీలతో పుడతారేమో అనిపిస్తుంది. మర్నాడు పొద్దున మేం మళ్ళీ వెళ్తే ఎనిమిదేళ్ళుంటాయేమో ఒక పిల్ల, తనకన్నా పొడుగు స్కీలు భుజాన వేసుకుని మెట్లెక్కుతోంది. ఎగిరింది, దిగేటప్పుడు తడి పరుపు మీద చతికిలబడి కిందదాకా జారింది, ప్యాంటంతా తడిసి ముద్ద, మీ నాన్నమ్మ అయ్యయ్యో అని లేచి నిలబడిపోయింది. ఆ పిల్ల లేచి, హెల్మెట్ సర్దుకుని, స్కీలు విప్పి మళ్ళీ మెట్ల దగ్గరకి నడిచింది. మేము రైలు టైం అయ్యి లేచేటప్పటికి నాలుగోసారి ఎక్కుతోంది.

ఆ క్లిప్ సౌండ్ పెంచి మళ్ళీ పెట్టండి. కాళ్ళు ఆనగానే తడి పీచు మీద సర్రుమని ఒక చప్పుడు వస్తుంది, దోసె పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు, వినండి.

ఇట్లు
మీ తాతయ్య