తప్పు వాదనలో ఉందా, మనసు మొగ్గులో ఉందా?

పొగ ఉందంటే నిప్పు ఉన్నట్టే. ఈ వాదన చెల్లుతుంది. దీన్నే తిరగేసి, నిప్పు ఉంది కాబట్టి పొగ కూడా ఉండి తీరాలి అంటే చెల్లదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. భారతీయ తర్కశాస్త్రం చదివినవాళ్లకు ఈ ఇనుప గుండు బాగా తెలుసు. రెండు వాదనలూ పైకి ఒకేలా కనిపిస్తాయి కానీ రెండోదానిలో కారణం ముగింపు దాకా తీసుకెళ్లదు. ఇదే తర్కదోషం.

తర్కదోషం మాటల్లోనే ఉంటుంది. ఎవరన్నారు, ఎందుకన్నారు అని చూడనక్కర్లేదు. వాదనను కాగితం మీద పెడితే ఎక్కడ తెగిందో ఎవరైనా వేలు పెట్టి చూపించవచ్చు. అందుకే దీని మీద పని ఎప్పుడో మొదలైంది. అరిస్టాటిల్ 13 రకాలు చెప్పాడు, భారతీయ తర్కశాస్త్రానికి మూలగ్రంథమైన న్యాయసూత్రాలు 5 హేత్వాభాసలు, అంటే కారణంలా కనిపించే తప్పుడు కారణాలు, చెప్పాయి.

పక్షపాతం సంగతి వేరు. మామూలుగా ఆ మాట వినగానే, కావాలని ఒకరి వైపు మాట్లాడడం గుర్తొస్తుంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు చెప్పే బయాస్, అంటే మనసు మొగ్గు, అంతకంటే లోపల ఉంటుంది. మనకు తెలియకుండానే ఆలోచన పదేపదే ఒకే వైపు ఒరుగుతుంది. వాదన మొదలుకాక ముందే అది తన పని చేసేస్తుంది.

దీన్ని దగ్గర నుంచి చూపించిన ప్రయోగం మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ వేసన్‌ది. 1960లో ప్రచురించాడు. నా మనసులో ఒక నియమం ఉంది, 2-4-6 దానికి సరిపోతుంది, ఇంకా ఏవైనా మూడేసి సంఖ్యలు అడుగుతూ ఆ నియమం కనిపెట్టండి అంటాడు. ‘రెండేసి పెరగాలి కాబోలు’ అనుకుంటే మనం ఏం అడుగుతాం? 8-10-12. అవును, సరిపోతుంది. 20-22-24. అదీ సరిపోతుంది. ఇక ధీమాగా నియమం చెప్పేస్తాం, తప్పవుతుంది. అసలు నియమం సంఖ్యలు పెరుగుతూ పోవాలని మాత్రమే. 5-9-40 అని ఒక్కసారి అడిగి ఉంటే మన ఊహ అక్కడే కూలిపోయేది. మన ఊహ నిజమైతే ‘అవును’ వస్తుంది, ‘అవును’ వచ్చింది కాబట్టి ఊహ నిజమే అనుకున్నాం. ఇది ఇనుప గుండు దగ్గర చేసిన తప్పే. కానీ ఆ తప్పులోకి నెట్టింది మాత్రం, ఊహకు అనుకూలమైన ప్రశ్నలే అడగాలనిపించిన ఆ మొగ్గు.

అసలు వాదనే లేని చోట కూడా మొగ్గు ఉంటుంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు ట్వెర్‌స్కీ, కానెమన్ 1974లో సైన్స్ పత్రికలో రాసిన వ్యాసంలోని ప్రయోగం చూడండి. ఒక చక్రం తిప్పుతారు. అది 10 దగ్గరో 65 దగ్గరో ఆగేలా ముందే అమర్చి ఉంటుంది. తర్వాత, ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాలు ఎంత శాతం అని అడుగుతారు. 10 చూసినవాళ్ల అంచనాలను వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చింది 25 శాతం, 65 చూసినవాళ్లది 45 శాతం. చక్రానికీ ప్రశ్నకూ ఏ సంబంధమూ లేదని వాళ్లకు తెలుసు. ఇందులో ఖండించడానికి వాదన ఎక్కడుంది?

తర్కదోషాన్నీ పక్షపాతాన్నీ కలిపేస్తే నష్టం ఉంది. అనుకూలమైన ఆధారాలే ఏరుకున్న మనిషి, వాటి నుంచి ఒక్క దోషం లేకుండా వాదించగలడు. ఇంకోవైపు, తప్పు వాదనతో చెప్పిన విషయం నిజమూ కావచ్చు. వాదన కూలింది కాబట్టి విషయమే అబద్ధం అనడం కూడా తర్కదోషమే. నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇంకొకటి. తర్కదోషాల పేర్లన్నీ నేర్చుకుని, ఆ నేర్పును తనకు నచ్చని వాదనల మీద మాత్రమే వాడే మనిషి ముందుకంటే ఎక్కువ మొండికేస్తాడు. పైగా పక్షపాతం ఎదుటివాళ్లకే ఎక్కువ, మనకు తక్కువ అనిపిస్తుంది. మనస్తత్వ శాస్త్రవేత్త ఎమిలీ ప్రోనిన్ బృందం 2002లో దీన్ని ప్రయోగాల్లో చూపించింది.

అందుకే చాలా మందుల పరీక్షల్లో ఎవరికి అసలు మందు అందుతోందో రోగికీ, డాక్టరుకీ కూడా తెలియనివ్వరు. డాక్టరు నిజాయితీ మీద అనుమానంతో చేసే పని కాదది. ఎంత నిజాయితీపరుడికైనా తన మొగ్గు తనకు కనబడదు.

ఒంటరిగా ఆలోచించేటప్పుడూ కొంత చేయవచ్చు. 1984లో చార్లెస్ లార్డ్, మార్క్ లెప్పర్, ఎలిజబెత్ ప్రెస్టన్ మరణశిక్ష మీద అధ్యయనాలు చదివించి చూశారు. ‘నిష్పక్షపాతంగా ఉండండి’ అని చెబితే పెద్దగా ఫలితం లేదు. ‘ఇదే పద్ధతిలో చేసిన అధ్యయనం మీ అభిప్రాయానికి వ్యతిరేకంగా తేలి ఉంటే, అప్పుడూ ఇలాగే మెచ్చుకునేవారా, ఇలాగే తప్పుపట్టేవారా?’ అని ప్రశ్నించుకోమన్నప్పుడు మాత్రం పాఠకుల తీర్పులో ఆ వంపు తగ్గింది.