ఒంట్లో వేడి వేరు, ఇన్‌ఫ్లమేషన్ వేరు

గుంటూరులో ఎండాకాలం వచ్చిందంటే నోటిపూత మొదలు ఒంటికి మంట దాకా అన్నిటికీ ఒకటే మాట: "వేడి చేసింది". ఈ మధ్య యూట్యూబ్ పుణ్యమా అని ఆ వేడికే ఇన్‌ఫ్లమేషన్ అని కొత్త పేరు పెట్టేశారు. సగం అపోహలు అక్కడే పుడుతున్నాయి.

ఇన్‌ఫ్లమేషన్ అంటే దెబ్బ తగిలినా, క్రిములు చేరినా ఒళ్లు తనను కాపాడుకోడానికి తెచ్చుకునే వాపు. కాలు బెణికితే వాచి, ఎర్రబడి, నాలుగు రోజుల్లో తగ్గేది ఒంటికి మేలు చేసే వాపు. దీర్ఘకాలిక ఇన్‌ఫ్లమేషన్ నివురుగప్పిన నిప్పు. చాలామందిలో నొప్పి ఉండదు, జ్వరం రాదు. ఏళ్ల తరబడి లోలోపల రక్తనాళాల గోడల్ని పాడుచేస్తుంది.

అపోహ: కారం తింటే ఇన్‌ఫ్లమేషన్ వస్తుంది.
రాదు. మిరపలోని క్యాప్సైసిన్, దాదాపు 43 డిగ్రీల వేడి తగిలితే మేల్కొనే నాడీ గ్రాహకాన్నే తట్టి లేపుతుంది. నోరు కాలినట్టు అనిపిస్తుందే తప్ప కాలదు. ఎసిడిటీ ఉన్నవాళ్లకు కడుపులో మంట రావచ్చు, అది వేరే సంగతి. ఆవకాయలో చూసుకోవాల్సింది ఉప్పు. రోజు మొత్తానికి 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. పైగా పచ్చడి బాగుందని రెండు ముద్దలు ఎక్కువ లాగించే అన్నం లెక్క ఎవరూ వేయరు.

అపోహ: సన్నగా ఉన్నాను, నాకేం కాదు.
కాళ్లూ చేతులూ సన్నం, పొట్ట ముందుకు: ఇది మనవాళ్లలో మామూలే. పేగుల చుట్టూ పేరుకునే కొవ్వు ఊరికే కూర్చోదు, ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి రసాయనాలు వదులుతుంది. వాటి ప్రేరణతో కాలేయం సీఆర్‌పీ అనే ప్రొటీన్ తయారుచేస్తుంది, రక్తంలో అది పెరిగితే ఇన్‌ఫ్లమేషన్ ఉందని గుర్తు. అందుకే బరువుతో పాటు నడుమూ కొలవాలి. ప్యాంటు సైజు లెక్కలోకి రాదు, దాన్ని పొట్ట కిందికి జార్చి కడతాం కదా! చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యన టేపు పెట్టండి. మామూలుగా ఊపిరి వదిలాక చూడండి, పొట్ట లోపలికి పీల్చొద్దు. మగవాళ్లకు 90 సెం.మీ., ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్త పడాలి.

అపోహ: రాత్రి పసుపు పాలు తాగితే చాలు.
దుగ్గిరాల పసుపే అయినా లెక్క లెక్కే. అర టీ స్పూను పసుపు సుమారు ఒకటిన్నర గ్రాము. అందులో అసలు పనిచేసే పదార్థమైన కర్క్యుమిన్ 3 శాతం చొప్పున 45 మిల్లీగ్రాములు. పరిశోధనల్లో సాధారణంగా ఇచ్చేది రోజుకు 500 నుంచి 1000. అంత కావాలంటే ఆ పాలలో కనీసం ఐదారు స్పూన్లు కలపాలి, ఎవరు తాగుతారు? పోనీ క్యాప్సూల్స్ అంటే, మిరియాల సారం కలిపినవి వాడి కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా ముట్టుకోకూడదు. కూరలో పసుపు వేసుకోండి, మందు అనుకోకండి.

అపోహ: అన్నం మానేయాలి.
మానక్కర్లేదు, కంచం మార్చాలి. సగం కూరలు, ఆకుకూరలు. పావు భాగం పప్పో చేపో గుడ్డో. మిగతా పావు అన్నం. పీచు పేగుల్లోని బ్యాక్టీరియాకు తిండి. దాన్నుంచి అవి తయారుచేసే బ్యూటిరేట్ అనే కొవ్వు ఆమ్లం పేగు గోడను కాపాడుతుంది. ఒక్కరోజులో పీచు పెంచేస్తే గ్యాసు, ఉబ్బరం వచ్చి మూడో రోజే వదిలేస్తారు. రెండు మూడు వారాల్లో మెల్లగా పెంచండి, నీళ్లూ పెంచండి.

అపోహ: గానుగ నూనె ఎంత వాడినా పర్లేదు.
ఏ నూనె అయినా మనిషికి రోజుకు ఐదారు టీ స్పూన్లే. పునుగులు వేయించిన నూనెను మళ్లీ మళ్లీ కాచితే గానుగదీ పాడవుతుంది.

అపోహ: తెల్లవారుజామున నడిస్తేనే ఫలితం.
పదకొండున్నరకు పడుకుని నాలుగున్నరకే బందరు కాలువ గట్టు ఎక్కితే నష్టపోయేది నిద్ర. నిద్ర తగ్గడమూ ఇన్‌ఫ్లమేషన్‌కు దారే, ఏడు గంటలు ఉండాల్సిందే. రాత్రి భోజనం అయ్యాక పావుగంట నడిచినా రక్తంలో చక్కెర ఎగబాకకుండా ఉంటుంది.

అపోహ: సీఆర్‌పీ ఒకసారి ఎక్కువ వస్తే ప్రమాదమే.
సీఆర్‌పీని సూక్ష్మంగా కొలిచే రక్త పరీక్ష హెచ్‌ఎస్-సీఆర్‌పీ. అది లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది, 3 దాటితే ఎక్కువ. 10 దాటిందంటే జలుబో, పుండో, మరేదైనా ఇన్‌ఫెక్షనో ఉండి ఉంటుంది. అది తగ్గాక, రెండు వారాలు ఆగి మళ్లీ చేయించాలి. పళ్లు తోమేటప్పుడు చిగుళ్లలోంచి రక్తం వస్తోందా అన్నదీ చూసుకోండి. చిగుళ్ల జబ్బు కూడా సీఆర్‌పీని పెంచుతుంది. దానికి కషాయాలు పనిచేయవు, పళ్ల డాక్టర్ దగ్గర క్లీనింగ్ చేయించుకోవాలి.