లండన్ నుంచి తిరుగు ప్రయాణం ఎందుకు త్వరగా ముగుస్తుంది?

తిరుపతిలో తొమ్మిదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి ఈ మధ్య నన్నొక ప్రశ్న అడిగింది. వాళ్ల బాబాయికి చెన్నై నుంచి లండన్ వెళ్లినప్పటికంటే తిరిగి వచ్చేటప్పుడు దాదాపు గంట తక్కువ పట్టిందట. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది కనుక, పడమరకు పోయే విమానానికి లండనే ఎదురు రావాలి, అటు ప్రయాణమే ముందు ముగియాలి కదా అన్నది ఆమె సందేహం. ఇటువంటి ప్రశ్నను తరగతిలో కసిరి కూర్చోబెట్టడం అన్యాయం. ఇందులో ఒక పాఠమంతా ఉంది.

మన అక్షాంశం దగ్గర నేల గంటకు 1,600 కిలోమీటర్లకు పైగా వేగంతో తూర్పుకు కదులుతోంది. గాలి దానితోపాటు తిరగకపోతే, రేణిగుంటలో నిలబడ్డవారికి తూర్పు నుంచి అదే వేగంతో గాలి కొట్టాలి. ఉక్కపోసే సాయంత్రం అక్కడ గడ్డిపోచ కూడా కదలదంటే, గాలి భూమితోపాటే తిరుగుతోందని అర్థం. విమానం ఎగిరేది ఆ గాలిలోనే కాబట్టి భూభ్రమణం నేరుగా దాని ప్రయాణాన్ని పెంచదు, తగ్గించదు.

అయితే చుట్టుదారిలో ఆ పని చేసేది కూడా భ్రమణమే. లండన్ అక్షాంశం దగ్గర నేల వేగం గంటకు సుమారు 1,040 కిలోమీటర్లే. ఉష్ణమండలంలో వేడెక్కి, పైకి లేచి ఉత్తరానికి సాగే గాలి ఇక్కడి తూర్పు వేగాన్ని వెంట తీసుకుపోతుంది; భూమి అక్షానికి దగ్గరయ్యేకొద్దీ, కోణీయ ద్రవ్యవేగ నిత్యత్వం (తిరిగేది అక్షానికి దగ్గరైతే వేగం పుంజుకుంటుందనే నియమం) వల్ల ఆ వేగం ఇంకా పెరుగుతుంది. ఉత్తర దక్షిణాల మధ్య ఉష్ణోగ్రత తేడా కూడా కలిసి, సుమారు పది కిలోమీటర్ల ఎత్తున, తూర్పుకు పరుగెత్తే జెట్ ప్రవాహాలు ఏర్పడతాయి. 1952లో టోక్యో నుంచి హొనొలులుకు పాన్ అమెరికన్ విమానం ఈ గాలిని పట్టుకుని, 18 గంటల ప్రయాణాన్ని పదకొండున్నర గంటల్లో ముగించింది.

చెన్నై–లండన్ దూరం సుమారు 8,200 కిలోమీటర్లు. విమానం వేగం గంటకు 900, గాలి వేగం 100 కిలోమీటర్లు అనుకుందాం. పోయేటప్పుడు 10 గంటల 15 నిమిషాలు, వచ్చేటప్పుడు 8 గంటల 12 నిమిషాలు పడుతుంది. మొత్తం 18 గంటల 27 నిమిషాలు. గాలే లేకపోతే రానూపోనూ 18 గంటల 13 నిమిషాలు చాలు. పోయేటప్పుడు నష్టపోయినదంతా వచ్చేటప్పుడు తిరిగి దక్కదు, ఎందుకంటే ఎదురుగాలిలో గడిపే సమయమే ఎక్కువ. రేణిగుంట దాకా ఎదురుగాలిలో సైకిలు తొక్కి వచ్చినవారికి ఇది లెక్క చేయకుండానే తెలుస్తుంది.

ఈ గాలులను కొలిచే చోటు మనకు దగ్గరలోనే ఉంది. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలోని గాదంకిలో, 130 మీటర్ల చతురస్రంలో 1,024 యాంటెనాలు బారులు తీరి, ఆకాశంలోకి రేడియో తరంగాలు పంపి, తిరిగి వచ్చే సన్నని ప్రతిధ్వని నుంచి గాలి వేగాన్ని లెక్కగడతాయి. వానాకాలంలో మన నెత్తిన వీచేది తూర్పు నుంచి పడమరకు పోయే జెట్ ప్రవాహం. 1950లలో దీన్ని గుర్తించినది మన వాతావరణ శాస్త్రవేత్త పి.కోటేశ్వరం. దాని నడిమి భాగం విమానాలు తిరిగే ఎత్తుకు పైనే ఉన్నా, ఆషాఢ శ్రావణాల్లో చెన్నై నుంచి బయలుదేరిన విమానాన్ని కొంత దూరం ఆ గాలి వెనుక నుంచి తోస్తుంది. ఎదురుగాలి మొదలయ్యేది విమానం బాగా ఉత్తరానికి చేరాకే.