పరిశ్రమల సంఘాలు: సీమలో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

కడపలో ఒక చిన్న పరిశ్రమల సంఘం ఆఫీసులో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. సభ్యత్వ రిజిస్టరు రాయడం, చందా రసీదులు ఇవ్వడం, సర్వసభ్య సమావేశానికి నోటీసులు పంపడం, మినిట్స్ రాయడం, ఎన్నికలొస్తే ఓటర్ల జాబితా తయారుచేయడం, ఢిల్లీ సంఘాలు అడిగిన వివరాలు పోగుచేసి పంపడం నా పని. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీలవాళ్లు, ప్రొద్దుటూరు పప్పు మిల్లులవాళ్లు, కొప్పర్తిలో కొత్తగా షెడ్డు వేసుకున్న కుర్రాళ్లు మా ఆఫీసుకు వస్తుంటారు. దేశమంతటి పరిశ్రమల తరఫున ఢిల్లీలో మాట్లాడే జాతీయ సంఘం మాటెత్తితే చాలు, "అది మనకు సంబంధించింది కాదులే సార్" అంటారు. ఆ మాట వింటే నాకు బాధగా ఉంటుంది. ఢిల్లీలో ఆ సంఘం మాట్లాడే ప్రతి మాటా కింద ఎవరో ఒక సభ్యుడు కాగితం మీద రాసిచ్చిందే. మనవాళ్లు రాసివ్వకపోతే మన గోడు అక్కడ ఉండదు. అందుకే ఇన్నేళ్లలో పదేపదే విన్న అపోహల్ని ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

అపోహ: "జాతీయ సంఘమంటే గవర్నమెంటు సంస్థే."

కాదు. పేరులో "భారత" అనో "జాతీయ" అనో ఉన్నంత మాత్రాన సర్కారుది అయిపోదు. సీఐఐ, అంటే భారత పరిశ్రమల సమాఖ్యనే తీసుకోండి. 1895లో కలకత్తాలో ఇంజనీరింగ్ అండ్ ఐరన్ ట్రేడ్స్ అసోసియేషన్‌గా మొదలై, చాలా పేర్లు మారి, 1992లో ఇప్పటి పేరు పెట్టుకుంది. అమెరికాలో నేషనల్ అసోసియేషన్ ఆఫ్ మాన్యుఫాక్చరర్స్ కూడా ఆ 1895లోనే సిన్సినాటిలో పుట్టింది. 1927లో గాంధీజీ సలహా మీద జి.డి. బిర్లా, పురుషోత్తమదాస్ ఠాకూర్‌దాస్ వర్తక, పరిశ్రమల సంఘాల సమాఖ్య ఫిక్కీని పెట్టారు. ఇవన్నీ పరిశ్రమలవాళ్లూ వ్యాపారులూ చందాలు వేసుకుని కట్టుకున్న ఇళ్లు.

చట్టం దృష్టిలో ఇలాంటి సంఘం సాధారణంగా సొసైటీగా గానీ, కంపెనీల చట్టం 2013లోని సెక్షన్ 8 కింద లాభాపేక్ష లేని కంపెనీగా గానీ ఉంటుంది. మన రాష్ట్రంలో సొసైటీ పెట్టాలంటే 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ఉంది. ఏడుగురు కలిస్తే జిల్లా రిజిస్ట్రారు దగ్గర నమోదు చేసుకోవచ్చు. సెక్షన్ 8 కంపెనీ నియమావళిలో ఒక్క మాట మార్చాలన్నా సభ్యుల తీర్మానంతో పని అయిపోదు, ప్రభుత్వ అనుమతి ముందుగా తీసుకోవాలి. అయినా రోజువారీ పెత్తనం ప్రభుత్వానిది కాదు. అధ్యక్షుణ్ణి పెట్టేదీ దించేదీ సభ్యులే.

ఈ గందరగోళానికి ఒక కారణం ఉంది. ఎగుమతి ప్రోత్సాహక మండళ్లు వేరే జాతి. వాటిని కేంద్ర వాణిజ్య శాఖ పూనుకుని పెట్టించింది. బండలు విదేశాలకు పంపేవాళ్లు క్యాపెక్సిల్‌లో నమోదు చేసుకుని తీసుకునే సర్టిఫికెట్ అలాంటి మండలి ఇచ్చేది. అది ఉంటే ఎగుమతి పథకాలు అందుతాయి. అంతేగానీ దాన్ని పట్టుకుని "నేను జాతీయ తయారీదారుల సంఘంలో మెంబర్ని" అనుకుంటే పొరపాటు. రెండూ వేరు, రెండు చందాలూ వేరు.

అపోహ: "అంతా పెద్ద కంపెనీలదే. చిన్నవాడికి ఓటే ఉండదు."

ఇది సగం చూసి చెప్పే మాట. జాతీయ సంఘాలన్నీ ఒకే పద్ధతిలో లేవు. కొన్నింటిలో కంపెనీ నేరుగా సభ్యురాలు. కొన్నింటిలో సంఘాలే సభ్యులు, అంటే మా కడప సంఘం రాష్ట్ర సమాఖ్యలో సభ్యత్వం తీసుకుంటుంది, సమాఖ్య జాతీయ సంఘంలో తీసుకుంటుంది, మన ఓటు ప్రతినిధి చేతిలో పైకి పోతుంది. ఇంకొన్ని ఒక్క రంగానికే పరిమితం. పెనుకొండ దగ్గర కార్లు చేసే ఫ్యాక్టరీ లాంటిది వాహన తయారీదారుల సంఘం సియామ్ కిందికి వస్తుంది. దానికి విడిభాగాలు చేసిచ్చేవాళ్లకు ఆక్మా వేరే ఉంది. ఇద్దరూ ఒకే బండి మీద బతుకుతున్నా, దిగుమతి సుంకం దగ్గర ఇద్దరి అవసరమూ ఒకటి కాకపోవచ్చు. అందుకే రెండు ఇళ్లు.

చందా టర్నోవరును బట్టి శ్లాబులుగా ఉండటం మామూలు. పెద్దవాడు ఎక్కువ కడతాడు. అయితే చందా ఎక్కువ కట్టినంత మాత్రాన ఓట్లు ఎక్కువ రావాలని లేదు. చాలాచోట్ల సభ్యుడికి ఒకే ఓటు, కార్యవర్గంలో చిన్న పరిశ్రమలకు కొన్ని సీట్లు విడిగా పెట్టిన సంఘాలూ ఉన్నాయి. ఏ సంఘంలో ఏముందో చెప్పేది దాని నియమావళి ఒక్కటే. చేరేముందు ఆ పుస్తకం అడిగి తీసుకోండి. ఓటు హక్కు, బకాయి, నామినేషన్ అని ఉన్న పేజీలు మూడుసార్లు చదవండి.

నిజానికి చిన్నవాడి ఓటు పోయేది పెద్దవాడి వల్ల కంటే కాగితం వల్లే ఎక్కువ. కొన్నేళ్ల కిందట మా ఎన్నికల రోజు పొద్దున పదింటికి ఒక కుర్రవాడు వచ్చాడు. నాపరాయి ఫ్యాక్టరీ వాళ్లది. చొక్కా చేతుల మీద ఇంకా తెల్లటి రాతిపొడి ఉంది, నేరుగా మిషన్ దగ్గర నుంచి వచ్చినట్టున్నాడు. "సార్, మా నాయన పేరు జాబితాలో ఉంది, నేను వేస్తా" అన్నాడు. వాళ్ల నాయన పోయి ఏడాదిన్నర. జీఎస్టీ కొడుకు పేరు మీదికి మారింది, కరెంటు మీటరు మారింది, మా రిజిస్టరులో మాత్రం మార్చుకోలేదు. చందా కడుతూనే ఉన్నాడు, రసీదులన్నీ జేబులో ఉన్నాయి, అన్నీ తండ్రి పేరు మీదే. ఎన్నికల అధికారి కాదన్నాడు. నియమావళి ప్రకారం ఆయన చేసింది సరైందే. ఆ రసీదులు కొట్టింది నేను. ఒక్కసారి అడిగి ఉంటే పేరు మార్చేవాణ్ణే. అప్పటినుంచి ప్రతి జనవరిలో సభ్యులకు ఫోను చేసి "ఫర్మ్ ఎవరి పేరు మీద ఉందన్నా ఇప్పుడు?" అని అడగకుండా జాబితా ఖరారు చేయను.

ప్రాక్సీ, అంటే మన బదులు వచ్చి ఓటు వేసే మనిషి, దగ్గరా ఇదే చిక్కు. మామూలు కంపెనీల సమావేశానికి ఎవర్నైనా ప్రాక్సీగా పంపొచ్చు. సెక్షన్ 8 కంపెనీకి అలా కుదరదు, ప్రాక్సీగా వచ్చేవాడు కూడా ఆ సంఘంలో సభ్యుడై ఉండాలి. అకౌంటెంటునో, బెంగళూరులో ఉన్న తమ్ముణ్ణో పంపితే గుమ్మం దగ్గరే ఆపేస్తారు. ప్రైవేటు లిమిటెడ్ అయితే బోర్డు తీర్మానంతో తమ ప్రతినిధిని పంపుకోవచ్చు, ఆ తీర్మానం కాపీ చేతిలో ఉండాలి.

అపోహ: "అధ్యక్షుడు తలుచుకుంటే అన్నీ అవుతాయి."

పెద్ద సంఘాల్లో అధ్యక్షుడి పదవి చాలావరకు ఏడాదే. ఉపాధ్యక్షుడిగా ఒక ఏడు, తర్వాత కాబోయే అధ్యక్షుడిగా ఒక ఏడు, ఆ తర్వాత కుర్చీ. ఏడాది ముగిసేసరికి ఆయన మాజీ. అన్నేళ్లూ అక్కడే ఉండేది జీతం తీసుకునే డైరెక్టర్ జనరల్, ఆయన కింద పనిచేసే సచివాలయం. పన్నులు, కార్మిక చట్టాలు, విద్యుత్తు, ఎగుమతులు, చిన్న పరిశ్రమలు అని విడివిడి కమిటీలుంటాయి. వినతిపత్రం చిత్తుప్రతి అక్కడే తయారవుతుంది, సంఘం కార్యవర్గమైన జాతీయ మండలి దాన్ని ఆమోదిస్తుంది. కాబట్టి అధ్యక్షుడికి దండ వేసి ఫోటో దిగినదాని కన్నా, మీ విషయం చూసే కమిటీకి ఒక్క పేజీ ఉత్తరం పంపడం మేలు.

అపోహ: "సంఘం ఉండేదే రేటు కట్టడానికి."

దీని దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మన జిల్లాలో ఇది ప్రమాదకరమైన అపోహ. సంఘం పేరుతో అందరూ కూర్చుని "ఈ రేటుకు తక్కువ అమ్మొద్దు" అనుకోవడం పోటీ చట్టం 2002లోని సెక్షన్ 3 కింద నేరుగా తప్పు. ఉత్పత్తి తగ్గించుకుందాం అనుకున్నా, టెండర్లు పంచుకుందాం అనుకున్నా అంతే.

సిమెంటు కేసు మనకు దగ్గరిది. ఎర్రగుంట్ల చుట్టుపక్కల, తాడిపత్రి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలు చూసి పెరిగినవాళ్లం. 2012 జూన్‌లో ఈ చట్టాన్ని అమలుచేసే కాంపిటీషన్ కమిషన్ 11 సిమెంటు కంపెనీలకు కలిపి రూ. 6,300 కోట్ల దాకా జరిమానా వేసింది. సిమెంటు తయారీదారుల సంఘాన్నీ వదల్లేదు. సంఘం కమిటీ సమావేశాలు, ఆ తర్వాత కదిలిన ధరలు, సంఘం పోగుచేసిన ధరలు, ఉత్పత్తి లెక్కలు, వీటన్నిటినీ కమిషన్ పక్కపక్కన పెట్టి చూసింది. ఆ ఆర్డరును 2015లో అప్పిలేట్ ట్రిబ్యునల్ కొట్టేసింది. విచారణ విన్నవాళ్లే తీర్పు ఇవ్వాలన్న సూత్రం తప్పారన్నది కారణం. 2016లో కమిషన్ మళ్లీ విని మళ్లీ జరిమానా వేసింది, 2018లో అప్పటికి ఆ అప్పీళ్లు వినే ట్రిబ్యునల్ అయిన ఎన్‌సీఎల్‌ఏటీ దాన్ని నిలబెట్టింది, కంపెనీలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. ఈ కేసులో నేను నేర్చుకున్నది ఒకటి: సంఘం మీటింగులో ఏం మాట్లాడాం, ఎవరు వచ్చారు, ఏ లెక్కలు చేతులు మారాయి అన్నవి రేపు సాక్ష్యాలు.

చిన్నవాళ్లకు ఈ చట్టం వర్తించదనుకోకండి. ఒకసారి మా హాల్లో బండల ఫ్యాక్టరీలవాళ్లు ముప్పైమంది దాకా కూర్చున్నారు. ఒకరి మీద ఒకరు పోటీపడి రేటు పడేస్తున్నారన్నది గోడు, అందులో నిజం ఉంది. "చదరపు అడుగుకు ఇంతకు తగ్గకూడదని మినిట్స్‌లో రాయి" అన్నారు. నేను పెన్ను కింద పెట్టేశాను. "అన్నా, ఈ వాక్యం నా చేత్తో రాస్తే రేపు మీ అందరి సంతకాలు దాని కిందుంటాయి. మీకు అన్యాయం చేస్తాను నేను" అన్నాను. పెద్దమనిషి ఒకాయనకు కోపం వచ్చింది, నాలుగు మాటలన్నాడు. అన్నాక అదే మీటింగులో రాయికి ప్రభుత్వానికి కట్టే రాయల్టీ మీద, పాలిష్‌లో మిగిలే రాతి బురద (స్లర్రీ) పారబోసే చోటు మీద రెండు తీర్మానాలు చేశాం. ప్రభుత్వాన్ని కలిసి అడగడం సంఘం హక్కు. కొనేవాడి మీద కలిసి రేటు కట్టడం కాదు. ఆ గీత ఎక్కడుందో ప్రతి కార్యదర్శికీ తెలిసుండాలి.

అపోహ: "లాభాపేక్ష లేని సంస్థ కదా, పన్నూ లెక్కా ఉండవు."

మిగులు ఉండొచ్చు, దాన్ని సభ్యులు పంచుకోకూడదు. అదీ లాభాపేక్ష లేకపోవడమంటే. ఆడిట్ తప్పదు, రిటర్నులు తప్పవు. ప్రత్యేక సేవలు చేసి సభ్యుల దగ్గర డబ్బు తీసుకుంటే ఆ రాబడిని ఆదాయపన్ను చట్టం వ్యాపార ఆదాయంగా చూస్తుంది. ఆడిట్ అయిన లెక్కలు అడిగే హక్కు సభ్యుడికి ఉంది. మా దగ్గర అడిగేవాళ్లు ఏడాదికి ఇద్దరు ముగ్గురు. ఇంకా ఎక్కువమంది అడగాలని నా కోరిక.

అపోహ: "చందా కట్టాం కదా, బాకీలు వసూలు చేసిపెట్టాలి, కరెంటు బిల్లు తగ్గించాలి."

బాకీల సంగతి ముందు. సంఘానికి వసూలు చేసే అధికారం లేదు, సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల (ఎంఎస్ఎంఈ) చట్టం 2006కు ఉంది. సూక్ష్మ, చిన్న పరిశ్రమ సరుకు తీసుకున్నవాడు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా డబ్బు కట్టాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతలు, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఫిర్యాదు ఈ బాకీల తగాదాలు తీర్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు. ఈ కౌన్సిల్‌లో చిన్న పరిశ్రమల సంఘాల ప్రతినిధి కూడా ఉండాలని చట్టమే చెప్పింది. సంఘం బలం అక్కడ కనిపిస్తుంది. చిన్న పరిశ్రమగా నమోదైన ఉద్యమ్ రిజిస్ట్రేషన్ లేకుండా, సరుకు ముట్టినట్టు సంతకం లేకుండా వస్తే మాత్రం మేమేం చేయలేం.

ఇక ఢిల్లీకి అడగడం. ఏటా బడ్జెట్‌కు కొన్ని నెలల ముందు జాతీయ సంఘాల నుంచి ఒక ఫార్మాట్ వస్తుంది. హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (సరుకును గుర్తించే అంకె), ఇప్పటి పన్ను, కోరే పన్ను, కారణం. నాలుగు గడులు. మనవాళ్లు మొదటి మూడూ నింపి, కారణం దగ్గర "భారంగా ఉంది, తగ్గించగలరు" అని రాసి పంపుతారు. ఆ గడిలో కావలసింది లెక్క: ముడిసరుకు మీద ఇంత కట్టాం, అమ్మకం మీద ఇంత వచ్చింది, మధ్యలో ఇంత ఇరుక్కుంది, ఇవిగో బిల్లులు. దేశమంతా వచ్చిన కాగితాల్లోంచి సచివాలయం ఏరుకునేది లెక్కలున్నవాటినే. అలాంటిది కడప నుంచి ఒక్కటి వెళ్లినా నిలబడుతుంది.

కరెంటుదీ అదే దారి. కరెంటు పంపిణీ చేసే డిస్కంలు అడిగిన ఛార్జీల మీద విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయానికి ముందు ప్రజల అభ్యంతరాలు తీసుకోవాలని 2003 విద్యుత్ చట్టం చెబుతోంది. ఆ మండలి ఆఫీసు ఇప్పుడు మన కర్నూలులోనే ఉంది. జమ్మలమడుగు వైపు నుంచి ఒక పాలిష్ ఫ్యాక్టరీ యజమానిని వెంటబెట్టుకుని ఆ విచారణకు వెళ్లాను. సంచిలో పన్నెండు నెలల బిల్లులు. ఆర్డర్లు లేక మిషన్లు ఆగిన నెలల్లో కూడా ఎంత ఫిక్స్‌డ్ ఛార్జీ పడిందో ఎర్ర పెన్నుతో గీశాడు. పిలిచినప్పుడు లేచి నిలబడి, గొంతు వణుకుతున్నా నెలనెలా లెక్క చదివి వినిపించాడు. మండలి ఛార్జీలు ఖరారు చేసే టారిఫ్ ఆర్డరు వచ్చాక అందులో అభ్యంతరాలు, వాటికి డిస్కం జవాబులు, మండలి అభిప్రాయం అచ్చయ్యాయి. ఆ పేజీ ప్రింటు తీసి ఆయనకు ఇచ్చాను. ఛార్జీ తగ్గలేదు. ఆ పేజీని, ఎర్రగీతలున్న ఆ పన్నెండు బిల్లుల కాపీలను జాతీయ సంఘం విద్యుత్ కమిటీ అడిగిన వివరాలకు జతచేసి ఈ ఏడు ఢిల్లీకి పంపాం. ముట్టినట్టు వాళ్ల దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది, ఇంకో ఐదు ఫ్యాక్టరీల బిల్లులు కావాలన్నారు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు ఫ్యాక్టరీలవాళ్లు ఎవరైనా ఇవ్వగలిగితే పోయిన ఏడాది బిల్లులు తీసుకుని మా ఆఫీసుకు రండి.